మైక్రోమీటర్ ఓకే అన్నంత మాత్రాన పిన్ ఓకే కాదు

వ్యాసం 19.95 నుంచి 20.00 మిల్లీమీటర్ల మధ్య ఉండాల్సిన పిన్ ఒకటి చేతికొచ్చింది అనుకోండి. మైక్రోమీటర్‌తో పొడవునా ఎక్కడ పట్టినా సరిగ్గా 20.00 వస్తోంది, కానీ కాస్త వంగి ఉంది. పాస్ చెయ్యాలా, రిజెక్ట్ చెయ్యాలా? డ్రాయింగ్ ఏ స్టాండర్డ్ ప్రకారం గీశారో చూడకుండా జవాబు చెప్పలేం. డ్రాయింగ్ మూలన వివరాలు రాసే టైటిల్ బ్లాక్‌లో ఉండే ఆ ఒక్క లైన్ చదవకుండానే కొలతలు మొదలుపెట్టేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అక్కడ ఏఎస్ఎంఈ వై14.5 (అమెరికన్ డ్రాయింగ్ స్టాండర్డ్) అని ఉంటే రూల్ నంబర్ 1 ఎవరూ రాయకుండానే వర్తిస్తుంది: సైజు హద్దులే ఆకారానికీ హద్దులు. 20.00 వ్యాసంతో ఏ వంపూ లేని సిలిండర్‌ని ఊహించుకోండి, పిన్ మొత్తం అందులో ఇమడాలి. అంటే అంతటా 20.00 ఉన్న పిన్‌కి వంపు అస్సలు పనికిరాదు, 19.97 ఉంటే 0.03 వరకు వంగొచ్చు, 19.95 అయితే 0.05 దాకా. కింది హద్దుకి ఇలాంటి సిలిండర్ ఏమీ లేదు, ఎక్కడ కొలిచినా 19.95 కంటే తగ్గకపోతే చాలు.

ఐఎస్ఓ (అంతర్జాతీయ స్టాండర్డ్) డ్రాయింగ్ అయితే లెక్క మారిపోతుంది. ఐఎస్ఓ 8015 ప్రకారం సైజు వేరు, ఆకారం వేరు. మన పిన్ సైజులో పాస్, వంపు సంగతి విడిగా ఇచ్చిన స్ట్రెయిట్‌నెస్ (ఎంత వంగొచ్చో చెప్పే హద్దు) అయినా, డ్రాయింగ్ మొత్తానికీ ఇచ్చిన జనరల్ టాలరెన్స్ అయినా తేలుస్తుంది. ఇక్కడా ఆ సిలిండర్ కావాలంటే డిజైనర్ కొలత పక్కన వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం పెట్టాలి.

ఇంతకీ మైక్రోమీటర్ చేసే, ఎదురెదురు రెండు పాయింట్ల కొలత వంపుని పట్టదు. సెంటర్‌లెస్ గ్రైండింగ్‌లో (పిన్‌ని సెంటర్ల మధ్య బిగించకుండా అరగదీసే పద్ధతి) వచ్చే మూడు మూలల గుండ్రాన్నీ పట్టదు, ఎటు తిప్పినా ఒకే రీడింగ్ చూపిస్తుంది, హోల్‌లోకి మాత్రం పిన్ దిగదు. అందుకే 1905లోనే ఇంగ్లండ్‌కి చెందిన విలియం టేలర్, గో గేజ్ (సరైన పిన్ దూరాల్సిన గేజ్) పూర్తి ఆకారంతో ఉండాలని, నో గో (సరైన పిన్ దూరకూడని గేజ్) మాత్రం ఒక్కో కొలతనీ విడిగా చూడాలని చెప్పాడు. పొడవాటి పిన్‌కి వెడల్పు తక్కువున్న రింగ్ గేజ్ (ఉంగరంలాంటి గో గేజ్) వాడితే వంపు దొరకదు, రింగ్ దాని వెంట జారిపోతుంది. గేజ్ పొడవు, పిన్ హోల్‌లో కూర్చునే పొడవంతైనా ఉండాలి.

రూల్ 1 ఉంది కదా అని అన్నీ దాని మీద వదిలేయకండి. బజారులో కొన్న రాడ్డుకి, షీటుకి అది వర్తించదు. రెండు స్టెప్పుల షాఫ్ట్‌లో ఒక్కో స్టెప్పు ఆకారాన్ని విడివిడిగా కాపాడుతుందే తప్ప, రెండింటి సెంటర్లు కలవకపోతే ఏమీ అనదు. దానికి రనౌటో (తిప్పితే ఎంత ఊగొచ్చో చెప్పే హద్దు) పొజిషనో (సెంటర్ ఎంత పక్కకి జరగొచ్చో చెప్పే హద్దు) డ్రాయింగ్‌లో ఇవ్వాల్సిందే.