‘ఒక’ వేరు, ‘ఒకటి’ వేరు: ఇంగ్లీష్ గ్రామర్‌కు తెలుగే తాళంచెవి

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ కోసం హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చున్న రోజుల్లో నన్ను ఏడిపించినవి లెక్కలు కావు. ‘సమ్’ (some), ‘ఈచ్’ (each), ‘ఫ్యూ’ (few) వంటి చిన్న మాటలు. తొలి దశ అయిన టైర్ 1లో ఇంగ్లీష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అరమార్కు కోత. వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నల దగ్గరే నా మార్కులు కారిపోయేవి.

ఏ మాట విశేషణమో, ఏది సర్వనామమో తేల్చుకోవడానికి విశేషణాలకు ఒక జాబితా, సర్వనామాలకు ఒక జాబితా రాసుకుని బట్టీ పట్టాను. తీరా చూస్తే ‘సమ్’ రెండింటిలోనూ ఉంది! మిత్రులారా, జాబితాలతో ఈ పాఠం రాదు.

దారి దొరికింది తెలుగులోనే. ‘ఆ పుస్తకం ఇవ్వు’ అంటాం, ‘అది ఇవ్వు’ అంటాం. ‘ఆ’ విశేషణం, ‘అది’ సర్వనామం. ‘ఏ, ఏది’, ‘ఒక, ఒకటి’ కూడా ఇంతే. మన భాష మాట రూపాన్నే మారుస్తుంది. ఇంగ్లీష్‌లో చాలాచోట్ల రూపం మారదు, కాబట్టి పక్కన ఏముందో చూడాలి. ‘సమ్ స్టూడెంట్స్’ అన్నప్పుడు దాని తర్వాత నామవాచకం ఉంది, అందుకే ‘సమ్’ విశేషణం. ‘సమ్ కేమ్ లేట్’ అన్నప్పుడు ఆ నామవాచకం స్థానంలో అదే నిలబడింది, అంటే సర్వనామం. ‘కొన్ని’ లాంటి మాట తెలుగులోనూ రెండు పనులూ చేస్తుంది. అక్కడ అనువాదాన్ని నమ్మకండి, స్థానాన్నే చూడండి.

మార్కులు తెచ్చేది ‘ఆఫ్’ (of). దాని ముందు ‘ఈచ్’ ఉంటే అది సర్వనామం, అదే కర్త. అందుకే ‘ఈచ్ ఆఫ్ ద బాయ్స్’ తర్వాత ‘హాజ్’ రావాలి. పక్కనున్న ‘బాయ్స్’ని చూసి ‘హావ్’ పెట్టడమే నేను నెలల తరబడి చేసిన తప్పు. ‘ఎవ్రీ’ మాత్రం ఒంటరిగా నిలబడలేదు. ‘ప్రతి వచ్చారు’ అని మనం అనగలమా? ‘ప్రతి ఒక్కరూ వచ్చారు’ అంటాం. సరిగ్గా అలాగే ‘ఎవ్రీ ఆఫ్ దెమ్’ తప్పు, ‘ఎవ్రీ వన్ ఆఫ్ దెమ్’ ఒప్పు. ‘నో’ తర్వాత నామవాచకం కావాలి, ‘నన్’ (none) దానంతటది నిలబడుతుంది.

ఆర్టికల్స్ (ఎ, యాన్, ద) మనకు లేవు కాబట్టి అవి కష్టం అనుకుంటాం. బడి వ్యాకరణం వాటిని విశేషణాల కుటుంబంలోనే చేర్చింది. అవి ఎన్నడూ సర్వనామం కావు. ‘ఎ’నా, ‘యాన్’నా అని సందేహం వస్తే ఆ మాటను తెలుగు లిపిలో రాయండి. అవర్ (గంట), ఎమ్మెల్యే: అచ్చుతో మొదలు, ‘యాన్’. యూనివర్సిటీ, వన్‌వే: హల్లుతో మొదలు, ‘ఎ’. ఇంగ్లీష్ స్పెల్లింగ్ దాచిన ధ్వనిని మన లిపి బయటపెడుతుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఇంకొక్కటి: ‘ఫ్యూ’ అంటే దాదాపు ఎవరూ లేరని, ‘ఎ ఫ్యూ’ అంటే కొద్దిమందైనా ఉన్నారని.

పరీక్షకు ముందు నెలంతా పాత ప్రశ్నపత్రాలు తీసి, ఇలాంటి ప్రతి చిన్న మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, అక్కడి నుంచి దాని నామవాచకం దాకా గీత గీసేదాన్ని. గీతకు చేరే చోటు దొరకకపోతే అది సర్వనామమని పైన ‘స’ అని రాసేదాన్ని. రోజుకు ఇరవై వాక్యాలు, అంతకుమించి కాదు.