కువైట్‌లో కరెంటు కోత

2024 జూన్‌లో ఓ మధ్యాహ్నం, రూములో ఏసీ టక్కున ఆగింది. ఆరుగురం బనియన్లతో గోడకానుకున్నాం. చన్నీళ్ల కొళాయి తిప్పినా మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేంత వేడి.

"ఏం న్నా, ఆయిలు బావుల మీద కూర్చోని కరెంటు లేదంటారేంది?" అన్నాడు రాజంపేట తమ్ముడు.

ఇక్కడోళ్ల ఇళ్లకు యూనిట్ 2 ఫిల్సు. మన లెక్కలో అర్ధ రూపాయి! మా సేఠు ఇంట్లో మనుషుల్లేని దివానియాకు, అంటే వచ్చినోళ్లను కూర్చోబెట్టే గదికి కూడా రాత్రింబవళ్లు ఏసీనే (ఆపేస్తే నన్నే అరిచాడు). కరెంటుకు సొంత ఆయిలు కాల్చేది చాలక, ఎండాకాలం గ్యాసు ఓడల్లో తెచ్చుకుంటున్నారు, 2009 నుంచీ.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ నమ్మలా. "తాగినావా?" అనింది.