సెమీస్ రాత్రి కోసం మెల్‌బోర్న్‌కు

టెన్నిస్‌లో నాలుగు అతి పెద్ద టోర్నీలైన గ్రాండ్‌స్లామ్‌లలో ఒకటి చూడటానికి వెళ్లేవాళ్లు ముందుగా వెతికేది ఫైనల్ టిక్కెట్టు. నన్నడిగితే మహిళల సెమీస్ జరిగే రోజు అంతకంటే గొప్పది. ఫైనల్లో ఒక్కటే మ్యాచ్, అది ఏకపక్షంగా ముగిసిపోతే చేసేదేమీ లేదు. సెమీస్ రోజున మిగిలిన నలుగురూ ఒకే కోర్టు మీద కనిపిస్తారు, వాళ్లలో ఎవరికీ అప్పటికింకా ఏదీ దక్కి ఉండదు. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో రెండు సెమీఫైనళ్లనూ జనవరి 23, గురువారం రాత్రి రాడ్ లేవర్ ఎరీనాలో ఒకదాని వెంట ఒకటి ఆడించారు. నా మెల్‌బోర్న్ ప్రయాణాన్ని ఆ రాత్రి చుట్టూనే అమర్చుకున్నాను.

నగరం నడిబొడ్డున ఉన్న ఫ్లిండర్స్ స్ట్రీట్ నుంచి మెల్‌బోర్న్ పార్కు దాకా 70వ నంబరు ట్రామ్ వెళ్తుంది. అయినా నడిచి వెళ్లడమే మేలు. యారా నది పక్కనే బిరరంగ్ మార్ పార్కులోంచి వెళ్తుంటే ఎడమవైపు క్రికెట్ మైదానం ఎంసీజీ దీపస్తంభాలు, ఎదురుగా టెన్నిస్ స్టేడియాల కప్పులు కనిపిస్తాయి. జనవరి అక్కడ నడివేసవి. సాయంత్రం ఏడున్నరకు మ్యాచ్ మొదలయ్యే వేళకూ ఇంకా పొద్దు ఉంటుంది.

రెండో వారానికి ఆ ప్రాంగణం స్వభావమే మారిపోతుంది. మొదటి వారంలో 128 మంది మహిళలు సింగిల్స్ ఆడే చోట, క్వార్టర్స్ నాటికి ఎనిమిది మందే మిగులుతారు. బయటి కోర్టుల మీద జూనియర్లు, డబుల్స్ జంటలు, చక్రాల కుర్చీ క్రీడాకారులు ఆడుతుంటారు. నిజంగా ఆట చూడాలనుకునేవాళ్లకు అది మంచి సమయం. కోర్టు అంచున నిలబడి, కాళ్ల కదలికను అంత దగ్గరగా గమనించే వీలు మొదటి వారపు రద్దీలో దొరకదు.

బుధవారం క్వార్టర్స్‌లో అమెరికాకు చెందిన మాడిసన్ కీస్, ఎలీనా స్వితోలినా తలపడ్డారు. స్వితోలినా మొదటి సెట్‌ను 6-3తో గెలిచింది, కీస్ 3-6, 6-3, 6-4తో మ్యాచ్‌ను లాక్కుంది. కీస్ ఆటను టీవీలో ఏళ్లుగా చూస్తున్నాను. కానీ ఆమె ఫోర్‌హ్యాండ్ దెబ్బ శబ్దం టీవీలో సగమైనా వినిపించదని అక్కడ కూర్చున్నాకే తెలిసింది. బంతి నెట్‌కు చాలా కొద్ది ఎత్తులో, దాదాపు చదునుగా దూసుకొస్తుంది. అవతలి వాళ్లకు రాకెట్ వెనక్కి తీసుకునే వ్యవధి కూడా చిక్కదు. బంతి గీత దాటిందో లేదో చూసి చెప్పే లైన్ జడ్జీలు ఇక్కడ 2021 నుంచి లేరు, అవుట్ అని చెప్పేది రికార్డు చేసిన గొంతే. అందువల్ల కోర్టు వెనక ఖాళీగా ఉండి, బంతి వేగం మరింత స్పష్టంగా కళ్లకు కడుతుంది.

గురువారం మొదటి సెమీస్‌లో అరీనా సబలెంక, పౌలా బదోసా ఆడారు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. వెన్ను గాయంతో ఆటనే వదిలేయాలన్న ఆలోచన దాకా వెళ్లిన బదోసా, క్వార్టర్స్‌లో కోకో గాఫ్‌ను ఓడించి తొలిసారి ఒక గ్రాండ్‌స్లామ్ సెమీస్‌కు చేరింది. ఆరంభంలో 2-0 ఆధిక్యం కూడా సాధించింది. ఆ తరవాత సబలెంక లయ అందుకుంది, 6-4, 6-2తో ముగించింది. నెట్ దగ్గర ఇద్దరూ చాలాసేపు కౌగిలించుకుని నిలబడ్డారు. గెలిచినామె ముఖంలో సంబరం కంటే స్నేహితురాలి పట్ల జాలే ఎక్కువ కనిపించింది నాకు.

రెండో సెమీస్‌కు ముందు నా చుట్టుపక్కల వాళ్లందరి అంచనా ఒక్కటే: ఇగా స్వియాటెక్ సులువుగా గెలుస్తుంది. ఆ అంచనాకు ఆధారమూ ఉంది. అక్కడిదాకా ఐదు మ్యాచ్‌ల్లో ఆమె కోల్పోయినవి మొత్తం 14 గేమ్‌లే. మొదటి సెట్ ఆమెదే, 7-5. రెండో సెట్‌లో కీస్ చెలరేగి 6-1తో బదులిచ్చింది. మూడో సెట్‌లో 5-5 దగ్గర కీస్ సర్వీస్‌ను స్వియాటెక్ బ్రేక్ చేసింది, అంటే కీస్ సర్వీస్ చేస్తున్న గేమ్‌ను తను గెలుచుకుంది. ఇక 6-5, సర్వీస్ స్వియాటెక్‌ది, స్కోరు 40-30, మ్యాచ్ పాయింట్: ఇంకొక్క పాయింట్ వస్తే గెలుపే. పక్కసీటు పెద్దావిడ అప్పటికే సంచి సర్దుకుంటున్నారు.

ఆ పాయింట్ స్వియాటెక్‌కు దక్కలేదు. ఆ గేమ్ కూడా దక్కలేదు. 6-6 దగ్గర పది పాయింట్ల టైబ్రేకర్ మొదలైంది. ఇక్కడి నిబంధన ప్రకారం నిర్ణాయక సెట్‌లో ముందుగా పదికి చేరి, కనీసం రెండు పాయింట్ల తేడా చూపినవాళ్లదే గెలుపు. ఆ కాసేపట్లో నేను కీస్ చేతుల కంటే ఎక్కువగా ఆమె భుజాలనే చూశాను. ఒక పాయింట్ పోయినప్పుడు అవి కుంగలేదు. గీతలకు దూరంగా, భద్రంగా ఆడదామన్న ఆలోచన ఒక్క షాట్‌లోనూ కనిపించలేదు. 10-8తో గెలిచాక ఆమె చేతులతో ముఖం కప్పుకుంది. అర్ధరాత్రి కావొస్తున్నా ఎవరికీ లేవాలనిపించలేదు. పెద్దావిడ సంచి ఒళ్లో పెట్టుకుని నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఈ గెలుపు విలువ తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. కీస్ ఇదే టోర్నీలో 2015లో, 19 ఏళ్ల వయసులో సెమీస్ ఆడి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. 2017 యూఎస్ ఓపెన్ ఫైనల్లో స్లోన్ స్టీఫెన్స్ చేతిలో 6-3, 6-0తో ఘోరంగా ఓడింది. ఆ తరవాత మరో గ్రాండ్‌స్లామ్ ఫైనల్ చేరడానికి ఏడేళ్లు దాటింది. ఆమె శక్తిని ఎవరూ ఎన్నడూ శంకించలేదు. పెద్ద మ్యాచ్‌ల్లో బిగుసుకుపోతుందన్నదే విమర్శ. మానసిక ఒత్తిడి గురించి, చికిత్స తీసుకోవడం గురించి ఆమె దాపరికం లేకుండా మాట్లాడింది. ఆ రాత్రి ఆటలో నేను చూసింది ఆ శ్రమ ఫలితమేనని నమ్ముతున్నాను.

శుక్రవారం పురుషుల సెమీస్. నేను బయటి కోర్టుల దగ్గరే గడిపాను. శనివారం బాలికల ఫైనల్లో జపాన్‌కు చెందిన ఎడమచేతి క్రీడాకారిణి వకానా సోనోబే 6-0, 6-1తో టైటిల్ గెలిచింది. ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి.

శనివారం రాత్రి ఫైనల్. 2023, 2024 టైటిళ్లు గెలిచిన సబలెంక ఈ టోర్నీలో వరసగా 20 మ్యాచ్‌ల్లో ఓటమి ఎరగదు. గెలిస్తే 1997-99లో మార్టినా హింగిస్ తరవాత ఇక్కడ హ్యాట్రిక్ కొట్టిన తొలి క్రీడాకారిణి అయ్యేది. ఆరంభంలో డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వీస్ ప్రయత్నాలూ తప్పి పాయింట్ పోవడం) ఆమెను దెబ్బతీశాయి, కీస్ 6-3తో మొదటి సెట్ తీసుకుంది. రెండోది సబలెంకది, 6-2. మూడో సెట్‌లో పదకొండు గేమ్‌ల దాకా ఎవరి సర్వీసూ బ్రేక్ కాలేదు. ఒక్కో సర్వీస్ గేమ్ ముగిసినప్పుడల్లా స్టేడియమంతా ఒకేసారి ఊపిరి వదిలింది. పన్నెండో గేమ్‌లో కీస్ ఫోర్‌హ్యాండ్ విన్నర్‌తో 7-5. అంతకుముందు మ్యాచ్‌లో రెండో సీడ్ స్వియాటెక్, ఇప్పుడు మొదటి సీడ్ సబలెంక, ఇద్దరూ ఆమె చేతిలో ఓడారు (సీడ్ అంటే ర్యాంకును బట్టి టోర్నీలో ఇచ్చే స్థానం). తన 46వ గ్రాండ్‌స్లామ్‌లో 19వ సీడ్ కీస్‌కు తొలి టైటిల్.

సబలెంక రాకెట్ విరగ్గొట్టి, తువ్వాలు తలమీద కప్పుకుని కూర్చుంది. కొందరు దాన్ని తప్పుపట్టారు. నాకు తప్పనిపించలేదు. మూడు వరస టైటిళ్లకు అంత దగ్గరగా వచ్చినవాళ్లకు ఆ కొద్ది నిమిషాల హక్కు ఉంది. కాసేపటికి తేరుకుని, కీస్‌ను మనసారా మెచ్చుకుంటూ మాట్లాడింది కూడా.

ఆదివారం మహిళల డబుల్స్ ఫైనల్ చూడకుండా వచ్చేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. కతెరీనా సినియకోవా, టేలర్ టౌన్‌సెండ్ జంట 6-2, 6-7, 6-3తో సె సు-వై, యెలెనా ఒస్తపెంకో జంటను ఓడించింది. 39 ఏళ్ల సె సు-వై రెండు చేతులతో ఆడే ఆ వింత కోణాలను, నెట్ దగ్గర టౌన్‌సెండ్ మెరుపు వాలీలను మళ్లీ అంత దగ్గరగా ఎప్పుడు చూస్తాం? మ్యాచ్ మొదలైనప్పుడు మా వరసలో సగం కుర్చీలు ఖాళీ. ఈసారి వెళ్లేవాళ్లు ఎవరైనా సరే, సెమీస్ రాత్రితో పాటు మహిళల డబుల్స్ ఫైనల్ జరిగే పూటను కూడా ముందే అట్టిపెట్టుకోండి.