ట్రైనర్ ఎవరైతే బాగుంటుంది?

"మీటర్ పెట్టకముందే చెప్పండమ్మా, తేమ ఎంతుంటది?" అంటూ తలా గుప్పెడు వడ్లు చేతుల్లో పోశాడు ఇవాళ్టి ట్రైనర్. ఒకరు 15 అన్నారు, ఇంకొకరు 20. మీటర్ 18.4 చూపించగానే మిర్యాలగూడ హాలంతా ఒకటే గోల.

వడ్ల కొనుగోలు కేంద్రాల్లో పనిచేసే అక్కలకు ఇవాళ ట్రైనింగ్. తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరాదని అందరికీ తెలుసు. కుప్పలో పైన, నడుమ, అడుగున తీసి కలిపితేనే అది శాంపిల్ అని మాత్రం చేసి చూపించేవాళ్లు కావాలి. ఆయన రైస్ మిల్లులో ఏళ్లుగా అదే పని చేసిన మనిషి. మైకు కూడా వద్దన్నాడు.

పోయిన సీజన్‌లో పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. లక్ష్యం, నాయకత్వం, రంగురంగుల స్లైడ్లు. అన్నం తిన్నాక సగం మందికి కునుకు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో మాత్రం అందరూ "చాలా బాగుంది" అనే రాశారు. బస్సు టైమైతే ఎవరైనా అట్లనే రాస్తారు, ఆ కాగితాలను నేనైతే నమ్మను.

ఇవాళ్టి పెద్దాయన కూడా ఒక్కచోట తడబడ్డాడు. "రైతు కొట్లాటకు వస్తే ఏం చేయాలె?" అని ఎవరో అడిగారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. వెనక వరుసలోంచి ఒక అక్క లేచి, "మీటర్ ఆయన చేతికే ఇయ్యి, అంకె ఆయన్నే చదవమను, సగం కోపం ఆడనే పోతది" అంది. చప్పట్లు ఆమెకే ఎక్కువ పడ్డాయి.

వచ్చే బ్యాచ్‌కు ట్రైనర్లుగా ఈ పెద్దాయన, ఆ అక్క ఇద్దరి పేర్లూ రాసి పంపాను. ఆఫీసులో ఆమె సర్టిఫికెట్ అడుగుతారేమో, చూడాలి.