నదీయాత్రలో వంగిన ప్రొపెల్లర్

మూడు రోజుల నదీయాత్రలో రెండో రోజు ఉదయం మా చిన్న పడవ మోటారు నీటి అడుగున ఉన్న బండకు తగిలింది. దబ్బుమన్న చప్పుడు వెంటనే ఇంజను గట్టిగా అరిచిందే తప్ప పడవ ముందుకు కదలలేదు కాబట్టి షియర్ పిన్ తెగిందని అర్థమైంది. ప్రొపెల్లర్‌ను ఇరుసుతో కలిపి ఉంచే ఆ మెత్తని లోహపు పుల్ల, లోపలి గేర్లు విరగకుండా ముందు తానే తెగిపోవడానికి ఉద్దేశించినది. దాని స్థానంలో ఇనుప మేకు దూర్చేవాళ్లను చూశాను. అది పుల్లను కాపాడి గేర్లను బలి ఇవ్వడమే.

తెడ్లు వేసుకుంటూ ఇసుక తిన్నె చేరాము. మోటారును పైకెత్తి, ముందు స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, ఆ తరువాతే నట్టు ఊడకుండా పట్టి ఉంచే స్ప్లిట్ పిన్, నట్టు తీశాను. మూడు అల్యూమినియం రెక్కల్లో రెండు బాగానే ఉన్నాయి. మూడోదాని కొస పుస్తకంలో పుట మూల మడిచినట్టు వెనక్కి తిరిగింది. బాగున్న రెక్క వంపును అట్టముక్క మీద గీసి కత్తిరించి, దానినే కొలతగా పెట్టుకున్నాను.

చల్లగా ఉన్నప్పుడు కొడితే ఇలాంటి పోత లోహం పగులుతుంది. వేడి చేద్దామంటే, అల్యూమినియం ఎర్రబడకుండానే 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది కనుక కంటిచూపును నమ్మడానికి లేదు. అందుకే వంగిన చోట సబ్బు రుద్ది, గ్యాస్ స్టవ్ మంట మీద అటూ ఇటూ తిప్పుతూ, సబ్బు నల్లబడగానే మంట తీసేశాను. తరువాత కర్రదుంగ మీద ఆనించి, చెక్క సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ, ప్రతి నాలుగైదు దెబ్బలకు అట్టతో సరిచూసుకుంటూ, మరోసారి వేడి చేస్తూ పోయేసరికి రెండు గంటలు పట్టింది. మడత పడిన చోట గోటితో గీకి చూశాను, పగులు తగల్లేదు. అంచును ఆకురాయితో నున్నగా చేశాను.

అసలు భయం ఇరుసు గురించి. ఒక కట్టెపుల్లను ఇరుసు కొనకు ఆనీ ఆననట్టు కట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి చేత్తో తిప్పితే, ప్రతి చుట్టులోనూ సందు కాగితమంత తెరుచుకుని మళ్లీ మూసుకుంటోంది. అంటే ఇరుసు కాస్త వంగింది.

“రెండు దెబ్బలు వేస్తే పోతుంది కదరా,” అన్నాడు మిత్రుడు.

నేను ఒప్పుకోలేదు. గట్టి ఉక్కు ఇరుసు మీద వేసిన దెబ్బ బేరింగులకూ గేర్లకూ పోతుందే కానీ వంపును తిన్నగా తీయదు.

కొత్త పిన్ వేసి, నడక వేగానికి మించకుండా తిరిగి వచ్చాము. దారి పొడవునా పిడి పట్టుకున్న అరచేయి జివ్వుమంటూనే ఉంది. ఒడ్డు చేరాక గేర్ కేసు అడుగు స్క్రూ వదులు చేసి చూస్తే నూనె నీళ్లు చేరి, పాలు కలిపినట్టు తెల్లగా కారింది. ఇరుసు ఊగి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలును అరగదీసింది. ఇరుసూ సీలూ రెండూ మార్చవలసి వచ్చింది; నేను చక్కదిద్దిన రెక్క మాత్రం ఇప్పటికీ అదే మోటారుకు తిరుగుతోంది.