ఆవకాయ మధ్యాహ్నానికి మారింది

మైసూరు వచ్చాక నాకు రాత్రి భోజనం ఏడింటికే అయిపోతోంది. పొద్దున ఐదున్నరకల్లా గోకులంలో యోగశాల గుమ్మం ముందుండాలి, అదీ ఖాళీ కడుపుతో. జయలక్ష్మీపురంలో నేనుండే ఇంటి ఆంటీకి ఈ సంగతి చెప్పగానే, మిగతా అమ్మాయిలకన్నా ముందు నాకు రాగిముద్ద, సారు (ఇక్కడి చారు) వడ్డించేస్తోంది. ఆ సారులో కాస్త బెల్లం తగులుతుంది. ఒంగోలు నాలుకకి అదొక పరీక్షే. మొదట్లో రాత్రిపూట ఆవకాయ నంజుకునేదాన్ని. మర్నాడు ముందుకు వంగినప్పుడల్లా అది గొంతులోకొచ్చి పలకరించేది. అందుకే ఇప్పుడు ఆవకాయ మధ్యాహ్నం మాత్రమే.

ఇక్కడ నేర్పే అష్టాంగ యోగ పద్ధతిలో అందరిచేతా ఒకేసారి చేయించడం వారానికోసారే. మిగతా రోజుల్లో ఆసనాల వరస మనకి నోటికొచ్చి ఉండాలి, ఎవరి ఊపిరిని బట్టి వాళ్లు చేసుకుపోవాలి. యోగా నేర్పే సార్ మధ్యలో తిరుగుతూ ఒకరి భుజం సర్దుతారు, ఇంకొకరి నడుం మీద చెయ్యేసి వంచుతారు. ఒక ఆసనం కుదిరితేనే తర్వాతది ఇస్తారు. నేను మరీచ్యాసన డి దగ్గర ఆగిపోయాను. ఒక కాలు అర్ధపద్మంలో మడిచి, రెండో మోకాలు నిలబెట్టి, నడుం మెలితిప్పి, ఆ మోకాలి చుట్టూ చెయ్యి తిప్పి వీపు వెనక రెండో చేతిని అందుకోవాలి. నా వేళ్లు ఇంకా ఒకదాన్నొకటి చూసుకోలేదు. పక్క చాప మీద అరవై దాటిన బ్రెజిల్ ఆవిడ హాయిగా పట్టేసుకుంటుంది. కుళ్లుకోవడం యమనియమాల్లో ఎక్కడా లేదని తెలుసు, అయినా కుళ్లుకుంటాను.

శనివారం సెలవు. అమావాస్యకీ, పౌర్ణమికీ కూడా సెలవే, కాబట్టి అమ్మకన్నా నేనే ఎక్కువగా క్యాలెండర్లో తిథులు చూస్తున్నాను. సెలవునాడు ఆముదంతో తలంటుకోవడం ఇక్కడివాళ్ల ఆనవాయితీ. విదేశీయులు ఆ జిడ్డు వదిలించుకోలేక షాంపూ సీసాలు ఖాళీ చేస్తుంటే, ఇంటినుంచి తెచ్చుకున్న కుంకుడుకాయలు ఇచ్చాను. ఆ ఒక్క విషయంలో శాలలో నాకు మంచి పలుకుబడి ఉంది.

ఏడున్నరకి ఇల్లు, స్నానం, ఇడ్లీ, తర్వాత మైసూరు విశ్వవిద్యాలయం క్యాంపస్ మానసగంగోత్రిలో క్లాసులు. ఆ విశ్వవిద్యాలయాన్ని 1916లో స్థాపించింది మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు. 1930లలో యోగ గురువు కృష్ణమాచార్యకి జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల పెట్టించిందీ ఆయనే. మా అష్టాంగ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన పట్టాభి జోయిస్, మరో పేరున్న యోగ గురువు అయ్యంగార్ ఇద్దరూ ఆ కృష్ణమాచార్య శిష్యులే. అంటే నా పొద్దుటి చదువుకీ, పగటి చదువుకీ ఒకే రాజు పోషకుడన్నమాట. ఆ ప్యాలెస్ ఇప్పుడు చిత్రశాల. క్లాసువాళ్లతో వెళ్లినప్పుడు వాళ్లు రవివర్మ బొమ్మల ముందు నిలబడితే, నేను ఆ యోగశాల ఎక్కడుండేదో అని గదుల నేలలు చూస్తూ తిరిగాను.

మధ్యాహ్నం రెండు గంటల క్లాసులో మాత్రం నిద్ర ఆగదు. దానికి ఏ ఆసనమూ పనిచెయ్యలేదు. కుక్కరహళ్లి చెరువు గట్టున పది నిమిషాలు నడిచి, ఫిల్టర్ కాఫీ తాగితేనే కళ్లు తెరుచుకుంటాయి.

దసరాకి అమ్మ వస్తానంటోంది. తొమ్మిదిన్నరకి సీరియల్ చూస్తూ కంచం ముందు కూర్చునే మనిషి. ఏడింటికే భోజనమని ఫోన్లో చెబితే, "అది సాయంకాలం టిఫినే, భోజనమెప్పుడో చెప్పవే" అంది.