రోహిణీ కార్తెలో మైనస్ నలభై

కావలి దాటి పది నిమిషాలు కాలేదు, ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. మే నెలాఖరు, రోహిణీ కార్తె, మధ్యాహ్నం ఒంటిగంట. వెనక సీట్లో మా ఆవిడ, ఆమె పక్కన వాళ్లమ్మ కోసం కట్టించిన మామిడిపండ్ల బుట్ట. ముందు సీట్లో ఇంటర్ చదివే మావాడు. సింగరాయకొండ పక్కనున్న మా అత్తగారి ఊరికి ఇంకా ముప్పై కిలోమీటర్ల పైమాటే. అద్దాలు దించితే వడగాలి మొహాన కొడుతోంది, ఎత్తితే లోపల ఉడుకు. ముందు నుంచి రేడియేటర్ ఫ్యాన్ హోరు ఆగడం లేదు. డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుపుపచ్చగా వెలిగి కూర్చుంది.

దానికి కాస్త ముందు నీలం దీపం ఒకటి వెలిగి ఆరింది. మాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు. టెంపరేచర్ ముల్లు ఉండదు. ఇంజన్ చల్లగా ఉంటే నీలం దీపం, మరిగితే ఎర్ర దీపం, అంతే. పొద్దున బండి తీసిన కొద్దిసేపు మాత్రమే కనిపించే ఆ నీలం దీపానికి మిట్టమధ్యాహ్నం ఏం పని అని నాకు తట్టలేదు. రోగమేంటో కారు అప్పుడే చెప్పేసింది. వినాల్సినవాడు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు, అంటే నేనే, వినలేదు.

సింగరాయకొండలో టీకి ఆపాం. పావుగంట తర్వాత సెల్ఫు కొడితే తిరుగుతుంది గానీ అందుకోదు. గుప్పున పెట్రోలు వాసన. పక్కనే టీ తాగుతున్న లారీ డ్రైవరు వచ్చి, "ఎక్సలేటరు నేలకంటా తొక్కిపట్టి కొట్టు సార్" అన్నాడు. అలాగే చేశా. దగ్గి, నల్లటి పొగ వదిలి స్టార్టయింది. సెల్ఫు తిరిగేటప్పుడు ఎక్సలేటరు పూర్తిగా తొక్కితే కంప్యూటరు పెట్రోలు చల్లడం ఆపేస్తుందని, లోపల నిండిపోయిన పెట్రోలు అలా బయటికి పోతుందని తర్వాత తెలిసింది. ఆ డ్రైవరుకు ఆ కారణం తెలుసో లేదో గానీ పని మాత్రం తెలుసు.

నెల్లూరు వచ్చాక మొదటి షెడ్డులో ఏసీ గ్యాస్ అయిపోయిందన్నారు. పద్దెనిమిది వందలు. పొద్దున పూట చల్లటి ఇంజన్ మీద చూశారు కాబట్టి ఏసీ బ్రహ్మాండంగా పనిచేసింది. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ.

రెండో షెడ్డు మెకానిక్ అనుభవజ్ఞుడు. చెయ్యి పెట్టి చూసి, "ఫ్యాన్ ఆగట్లేదంటే ఇంజన్ హీటెక్కుతుండాది. మన ఎండలకి తర్మోస్టాట్ ఏంటికి సార్, పీకేస్తే సల్లగా ఉంటాది" అన్నాడు. అడ్డం చెప్పేంత జ్ఞానం నాకు లేదు. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌లోకి పోనివ్వని కవాటం అదని తర్వాత తెలిసింది. పీకేశాడు.

ఇక్కడే నేను బాగా మోసపోయింది. ఆయన చేతిలో కాదు, ఫలితం చేతిలో. తర్మోస్టాట్ తీసేశాక రెండుసార్లు ఒంగోలు వెళ్లొచ్చాను. ఒక్కసారి కూడా ఏసీ ఆగలేదు, ఇంజన్ బొమ్మ వెలగలేదు. ఆ మెకానిక్ గురించి స్టాఫ్ రూములో గొప్పగా చెప్పాను కూడా. కాకపోతే లీటరుకు పదిహేడు ఇచ్చే బండి పన్నెండుకు దిగింది. ఎండాకాలం, ఏసీ వాడకం అని సర్దిచెప్పుకున్నా. జూన్ రెండో వారంలో ఒకరోజు ఆత్మకూరు బస్టాండ్ అండర్ బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. పదిహేను నిమిషాలకు ఏసీ చచ్చింది. ఫ్యాన్ హోరు. నీలం దీపం ఒక్కసారి మెరిసింది. ఈసారి చూశాను.

హైవే మీద బాగుండి, ఆగితే పాడవడం ఏంటి? ఆ రాత్రి ఆన్‌లైన్‌లో ఏడు వందలు పెట్టి ఓబీడీ బ్లూటూత్ స్కానర్ ఒకటి తెప్పించా. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చితే ఇంజన్ కంప్యూటరు లెక్కలన్నీ ఫోన్లో కనిపిస్తాయి. పెట్టగానే రెండు కోడ్‌లు వచ్చాయి. ఒకటి పి0128, అంటే ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదని. తర్మోస్టాట్ పీకిన పుణ్యం. రెండోది పి0118. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని.

ఈ సెన్సర్ లోపల ఉండేది ఒక చిన్న థర్మిస్టర్. వేడి పెరిగే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. కంప్యూటరు తన లోపలి రెసిస్టర్ ఒకదాని గుండా అయిదు వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చూసుకుంటుంది. తక్కువ మిగిలితే ఇంజన్ వేడి, ఎక్కువ మిగిలితే చల్లన. తీగ తెగితే? అయిదుకు అయిదూ మిగులుతాయి. అంటే కంప్యూటరు దృష్టిలో మహా చలి.

ఆదివారం సాయంత్రం మావాడి చేతికి ఫోనిచ్చి పెన్నా బ్రిడ్జి మీదుగా కోవూరు వైపు బయల్దేరాను. వాడు చదువుతున్నాడు: అరవై మూడు, అరవై అయిదు, అరవై నాలుగు. ఎంత తోలినా డెబ్బై దాటదు. కోవూరు దాటి రోడ్డు పక్కన ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, ఏసీ ఆపి కూర్చున్నాం. డెబ్బై. డెబ్బై ఆరు. ఎనభై. ఎనభై మూడు. "నాన్నా, మైనస్ నలభై అంట!"

అదే క్షణాన ఫ్యాన్ అందుకుంది.

బయట వాన జాడలేని జూను ఉక్క. కారు మాత్రం తాను మంచుకొండల్లో ఉన్నానంటోంది. ఈ మైనస్ నలభై ఎందుకంటే, స్కానర్‌కు పంపే కూలెంట్ వేడి ఒక్క బైట్‌లో, అంటే 0 నుంచి 255 దాకా ఉండే అంకెలో, వస్తుంది. అందులోంచి నలభై తీసేసి చదవాలి. సున్నా వస్తే మైనస్ నలభై, అంతకంటే కిందికి పోవడానికి లేదు. (సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ కలిసేదీ అక్కడే. మావాడికి చెబితే "ఇప్పుడా నాన్నా" అన్నాడు.)

అంతా అర్థమైంది. అంత చలని నమ్మిన కంప్యూటరు పెట్రోలు దండిగా పోస్తుంది. అందుకే వేడి మీద స్టార్టు కాకపోవడం, నల్లపొగ. తర్వాత సెన్సర్ మీదే అనుమానం వచ్చి, ఎందుకైనా మంచిదని ఫ్యాన్ ఆపకుండా తిప్పుతుంది, ఇంజన్ మీద బరువు తగ్గించడానికి ఏసీ కంప్రెసర్‌ను కట్ చేస్తుంది. మా కారులో ఇంతే, అన్ని బళ్లలోనూ ఇదే పద్ధతని చెప్పలేను. ఇక తర్మోస్టాట్ పీకినప్పుడు బాగయిందని ఎందుకు అనిపించిందంటే, హైవే మీద ఇంజన్ అరవై అయిదు దగ్గరే ఆగిపోయింది, సెన్సర్ తెగే వేడిదాకా పోనేలేదు. కాలు విరిగినవాణ్ణి మంచం మీద పడుకోబెట్టి కుంటు తగ్గిందన్నట్టు.

సెన్సర్ కొనేముందు వైరింగ్ సంగతి తేల్చుకోవాలి. తాళం ఆన్‌లో పెట్టి, ఇంజన్ స్టార్టు చెయ్యకుండా, సెన్సర్ ప్లగ్గు ఊడదీసి మల్టీమీటరు పెడితే అయిదు వోల్టులు చూపించింది. ప్లగ్గులోని రెండు రంధ్రాలనూ పేపర్ క్లిప్పుతో కలిపితే ఫోన్లో అంకె ఒక్కసారిగా 130 దాటింది, ఎర్ర దీపం వెలిగింది. కలిపినంతసేపూ వైర్లను అటూ ఇటూ ఊపాను. అంకె చెదరలేదు. అంటే కంప్యూటరూ బాగుంది, తీగలూ బాగున్నాయి. ఈ క్లిప్పు పని రెండు వైర్ల సెన్సర్ దగ్గరే చెయ్యాలి. మూడు వైర్లుండే సెన్సర్ల దగ్గర చేస్తే అయిదు వోల్టుల సప్లై నేరుగా షార్ట్ అవుతుంది.

మరుసటి ఆదివారం తెల్లారి అయిదున్నరకు బానెట్ ఎత్తాను. ఇంజన్ రాత్రంతా చల్లబడి ఉండాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు మొహాన పడతాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కకు జరిపితే, తర్మోస్టాట్ ఉండే చోటు పక్కనే సెన్సర్ కనిపించింది. 19 నంబర్ బాక్స్ స్పానర్ సరిపోయింది. బయటికి తీసి రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి, మావాడు బిరడా అందించేలోపు ఒక గ్లాసుడు కూలెంట్ కారింది. కింద ట్రే పెట్టి ఉంచా. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి. మా వీధిలో రెండూ ఎక్కువే.

ఇక వరండాలో ప్రయోగశాల. స్కూలు ల్యాబ్ నుంచి థర్మామీటరు తెచ్చా. పారేద్దామని పక్కన పెట్టిన సత్తుగిన్నెలో నీళ్లు పోసి, చిన్న స్టవ్వు మీద పెట్టి, సెన్సర్ కొసను మాత్రం ముంచి పిన్నులకు మీటరు తగిలించాను. మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి చూసి, "కషాయం ఎవరికండీ?" అంది.

31 డిగ్రీల దగ్గర 1.6 కిలో ఓమ్‌లు. 50కి వచ్చేసరికి 830 ఓమ్‌లు. 60కి ఆరువందలు. 70కి 430. 80కి 320. అంకెలు మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. బాగానే ఉందే, నేనే పొరబడ్డానా అనుకుంటుండగా 84 దగ్గర మీటరు మీద ఉన్నదంతా పోయి ఎడమ పక్కన ఒంటరిగా "1" నిలబడింది. తీగ తెగితే ఈ చౌక మీటరు చూపించే గుర్తు అదే. స్టవ్వు ఆపాను. 82, 80, 78. కదలిక లేదు. 76 దగ్గర టక్కున 360 కనబడింది. మళ్లీ వేడి చేస్తే మళ్లీ 84 దగ్గరే పోయింది. లోపల ఎక్కడో అతుకు వేడికి ఎడమవుతోంది, చల్లారితే కలుస్తోంది. పొద్దున పూట ఏ షెడ్డుకు తీసుకెళ్లినా ఏమీ దొరక్కపోవడం వాళ్ల తప్పు కాదు. నాలుగుసార్లు చేసి చూశాను. మూడోసారీ నాలుగోసారీ అవసరానికి కాదు, సరదాకి.

స్పేర్ పార్ట్స్ కొట్టులో మొదటి ప్రశ్న "ఒంటి పిన్నా సార్, రెండు పిన్నులా?" ఒంటి పిన్నుది ముల్లు మీటరుకు పోయేది, బాడీ గుండా ఎర్త్ తీసుకుంటుంది. కంప్యూటరుకు పోయేది రెండు పిన్నులది. కొన్ని బళ్లలో రెండూ ఉంటాయి, ఒకటి పాడైతే ఇంకోటి మార్చి వస్తుంటారట. రెండు పిన్నులదాంట్లో రెండు రకాలు తీసి పెట్టాడు. ఒకటి 280, కంపెనీది 940. చూడ్డానికి కవలపిల్లల్లా ఉన్నాయి. సంచీలోంచి మీటరు తీశాను. కొట్టులో 36 డిగ్రీలుంది. కంపెనీది 1.36 కిలో ఓమ్‌లు చూపించింది, పాతదాని లెక్క ప్రకారం సరిగ్గా అంతే ఉండాలి. రెండోది 2.1 చూపించింది. అంటే కారులో పెడితే 36ను దాదాపు 24 అని చెబుతుంది. కోడ్ రాదు, దీపం వెలగదు, పెట్రోలు మాత్రం ఊరికే తాగుతుంటుంది.

"టమోటాలు కొనేటప్పుడు కూడా మీటరు తెస్తారా సార్?" అన్నాడు కొట్టతను. 940 ఇచ్చి, పనిలో పనిగా కొత్త తర్మోస్టాట్ ఆరువందల యాభైకి, ఒక లీటరు కూలెంట్ తీసుకున్నా. ఇంటికొచ్చి కొత్త సెన్సర్‌ను కూడా సత్తుగిన్నెలో మరిగించాను. నీళ్లు కుతకుతలాడేదాకా పోయినా 190 దగ్గర నిలబడింది.

బిగించడం అరగంట పని. తర్మోస్టాట్, దాని కొత్త గ్యాస్కెట్, కొత్త వాషరుతో సెన్సరు. సెన్సర్ దిగేది ప్లాస్టిక్ హౌసింగ్‌లోకి కాబట్టి చేత్తో చివరిదాకా తిప్పి, తర్వాత స్పానర్‌తో కాస్త బిగువు, అంతే. బలం చూపించే చోటు కాదది. ఆ తర్వాతదే ఓపిక పని. కూలెంట్ పోసి, హీటర్ ఫుల్‌గా పెట్టి, మూత తీసి ఇంజన్ ఆన్‌లో ఉంచి, పైపులు నొక్కుతూ బుడగలన్నీ పోయేదాకా నిలబడాలి. సెన్సర్ చుట్టూ గాలి బుడగ నిలిస్తే కొత్తది కూడా తప్పుడు లెక్కే చెబుతుంది. నెల్లూరు ఎండలో కారు హీటర్ వేసుకుని కూర్చున్నది మా వీధిలో మావాడొక్కడే.

83 దగ్గర అంకె కాస్త వెనక్కి తగ్గింది, కింది పైపు వేడెక్కింది. తర్మోస్టాట్ తెరుచుకుంది. బుడగలు ఆగాక మూత బిగించాను. 90. 94. 96 దగ్గర ఫ్యాన్ తిరిగింది. ఊపిరి బిగబట్టి విన్నా. 91కి ఆగిపోయింది. ఫ్యాన్ ఆగితే ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. కోడ్‌లు చెరిపేశాను. ఇప్పటిదాకా మళ్లీ రాలేదు. మైలేజీ రెండో ట్యాంకుకు పదహారున్నర దాకా వచ్చింది. ఏసీ గ్యాస్ పద్దెనిమిది వందలు మాత్రం నీళ్లలో పోసినట్టే.

తర్వాత అత్తగారి ఊరికి పోతూ సింగరాయకొండలో అదే టీ కొట్టు దగ్గర ఆపాను. తాగి వచ్చి సెల్ఫు కొడితే ఒక్క చుట్టుకే అందుకుంది. ఆపి మళ్లీ తీశా. అయిదు నిమిషాలు ఆగి ఇంకోసారి. కొట్టతను గ్లాసులు కడుగుతూ తలెత్తాడు.

"ఏంది సార్, బండి రిపేరా?"

"లేదబ్బా, బాగుంది."

"బాగుంటే అన్నిసార్లు ఏంటికి తీస్తుండారు?"